పగ్గానికి ఆ కొస

యశోధర పరీక్ష తప్పింది.

పశువైద్య కళాశాలలో రెండు బంగారు పతకాలు తెచ్చుకున్న మనిషి. పరీక్ష తప్పడం ఆమె బతుకులో ఇదే మొదలు. మా జిల్లా పశువుల డాక్టర్లంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుని మరీ ఆశ్చర్యపోయారు. కొందరు ఆశ్చర్యంతో పాటు కాస్త సంతోషపడ్డారు కూడా. మనుషులం కదా.

తప్పింది మామూలు పరీక్ష కాదు. సముద్రాల అవతల, మనుషుల కంటే గొర్రెలు ఎక్కువగా ఉండే ఒక దేశంలో పశువుల డాక్టరుగా పనిచేయాలంటే మన డిగ్రీ ఒక్కటే చాలదు. ముందు వాళ్ల భాషలో ఒక పరీక్ష. తర్వాత రాత పరీక్ష. అవి గట్టెక్కితే ఆ దేశానికే వెళ్లి, మూడు రోజుల పాటు జంతువుల మధ్య చేతిపని చూపించాలి. యశోధర మొదటి రెండూ ఒక్క దెబ్బకు దాటింది. మూడోది పదకొండు నిమిషాల్లో పోయింది.

ఆమెను గుర్రాల కొట్టంలోకి పంపి, "ఈ గుర్రం గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూసి చెప్పండి" అన్నారు. యశోధర స్టెతస్కోపు చెవులకు పెట్టుకుంది. గుర్రం పక్కన మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని నిలబడ్డ ఒక అమ్మాయి వైపు తిరిగి, "కాస్త పట్టుకోండి" అంది. ఆ అమ్మాయి కదల్లేదు. వినపడలేదేమోనని యశోధర గొంతు పెంచి మళ్లీ చెప్పింది. ఆ అమ్మాయి చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుంది.

పరీక్ష పెట్టేది ఆమే.

ఆ పరీక్షలో పట్టుకునేవాళ్లు వేరే ఉండరు. గుర్రమైనా, ఆవైనా దగ్గరికి వెళ్లవలసింది డాక్టరే, తాడు వేయవలసిందీ డాక్టరే. ఈ సంగతి యశోధర పుస్తకంలో చదివింది, కింద గీత కూడా గీసుకుంది. అయినా తొమ్మిదేళ్ల అలవాటు నోట్లోంచి ముందే జారిపోయింది. ఆ కంగారులో నేరుగా గుర్రం మీదికి నడిచింది. అది ఒక్కసారి తిరిగి ఆమెను గోడకు నొక్కింది. "ఆపండి" అన్నారు.

ఇంటికి వచ్చాక ఉత్తరం వచ్చింది. జంతువును భద్రంగా పట్టుకోవడం రాదు అని ఒక్క వాక్యం. నాలుగు నెలల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదీ పోతే మళ్లీ పరీక్షకు కూర్చోనివ్వరు.

అక్కడ ఒక పాడిపల్లెలోని ఆసుపత్రివాళ్లు ఆమె కోసం ఉద్యోగం ఆపి పెట్టారు. పెద్ద పశువులకు పొట్ట కోసి, లోపల మెలిపడిన పేగును సరిచేసి బతికించడంలో వాళ్లు దిట్టలు. ఇక్కడ అలాంటి జబ్బుతో ఆవులు తన కళ్ల ముందే పోతుంటే చూసి చూసి, ఆ విద్య నేర్చుకుని తీరాలని ఏడేళ్లుగా పట్టుబట్టి చదివింది యశోధర. ఇప్పుడు ఆ ఏడేళ్లూ ఒక్క వాక్యం కింద పడి ఉన్నాయి.

"అటెండరు పని రాదని డాక్టరును తప్పిస్తారా!" అని నాలుగు రోజులు ఇంట్లో చిటపటలాడింది. ఐదో రోజు ఆమెకు ఓబులేసు గుర్తొచ్చాడు.

ఓబులేసు ఆమె మొదట నాలుగేళ్లు పనిచేసిన పశువుల ఆసుపత్రిలో అటెండరు. ముప్పై నాలుగేళ్లు డాక్టర్లు సూది వేస్తుంటే పశువులను పట్టుకుని, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఇటుకల బట్టీవాళ్లు వదిలేసిన ఒక గాడిదను తెచ్చి సాకుతున్నాడని ఎవరో చెప్పారు. ఆ చుట్టుపక్కల గుర్రమన్నదే లేదు. నేర్చుకోవాలంటే గుర్రం చుట్టమైన గాడిదే దిక్కు.

యశోధర వెళ్లేసరికి ఓబులేసు వాకిట్లో కూర్చుని కిత్తనారతో తాడు పేనుతున్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచాడు.

"మేడం! మీరేంది ఇట్ల వచ్చినారు? ఒక మాట చెప్పింటే నేనే వచ్చేటోన్ని గదా."

యశోధర జరిగిందంతా చెప్పింది. పరీక్ష పెట్టే మనిషినే పట్టుకోమన్న చోటికి వచ్చేసరికి ఓబులేసు తొడ చరుచుకుని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. తలెత్తి ఆమె ముఖం చూసి టక్కున ఆపాడు.

"తప్పయిపోయింది మేడం."

"నవ్వితే నవ్వావులే. నాకు నేర్పించు ఓబులేసూ."

"నేనా? ఏడో తరగతి దాటనోన్ని. మీకు నేర్పేకి నా దగ్గర ఏముంటాది?"

"పట్టుకోవడం."

ఓబులేసు మళ్లీ నార చేతిలోకి తీసుకుని మూరెడు తాడు పేనాడు.

"అది మీ పని కాదు గదా మేడం" అన్నాడు తర్వాత.

గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. నాలుగేళ్లు ఆమె నోట విన్న మాటనే ఆమెకు తిరిగి అప్పజెప్పాడు, అంతే. యశోధరకు మాత్రం చెంపలు వేడెక్కాయి.

ఓబులేసు పేనిన తాడును ముడివేసి ఆమె చేతికిచ్చాడు. "దొడ్లో చుక్కి ఉండాది. ఎనక కాలి గిట్ట పగిలింది. మందు పెట్టల్ల. పట్టుకొని రాండి."

చుక్కి అంటే ఆ గాడిద. నుదుటి మీద తెల్లటి మచ్చ, వీపు మీద ఇటుకల బరువు మోసిన పాత పుండ్ల గుర్తులు. మనిషి చెయ్యి పైకి లేస్తే చాలు, ఒళ్లంతా వణికేది. బట్టీలో ఎన్ని దెబ్బలు తిన్నదో పాపం.

మొదటి రోజు యశోధర రెండు గంటలు దాని వెంట పడింది. మెడకు తాడైతే పడింది గానీ, లాగితే నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడింది. ఇంకా లాగితే కూర్చుంది. ఓబులేసు వాకిట్లోంచి తల తిప్పి చూడను కూడా లేదు.

రెండో రోజు యశోధర ఒక పుస్తకం తెచ్చుకుంది.

"ఇదిగో ఓబులేసూ, గాడిదకు సరిగ్గా ముక్కు ముందరా, తోక వెనకా ఏమీ కనపడదు. అందుకని ఎడమ భుజం వైపు నుంచి వెళ్లాలి. చెవులు వెనక్కి వాలాయంటే భయపడినట్టు. ఇవన్నీ నాకు తెలుసు."

"అవునా మేడం" అన్నాడు ఓబులేసు శ్రద్ధగా. కాసేపాగి అడిగాడు. "మీకు తెలుసునని చుక్కికి తెలుసునా?"

మూడో రోజు చుక్కి విదిలించుకున్న విసురుకు యశోధర పేడలో పడింది. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"డాక్టరమ్మ యాడికో దేశం పోతాదంట, గాడిదలు కాసేకి" అందొకామె. మిగతావాళ్లకు ఆ మాత్రం చాలు.

యశోధర చీకాకుగా తాడు విసిరికొట్టింది. "మొండిది. దీన్ని ఎవరైనా ఇంకొకరు పట్టుకుంటే తప్ప..." అని, ఏమన్నదో తనకే వినపడి నోరు మూసుకుంది.

ఓబులేసు లేచి వచ్చాడు. కింద పడ్డ తాడు తీసి దుమ్ము దులిపాడు. ఒక కొసను యశోధర మణికట్టుకు కట్టాడు.

"కండ్లు మూసుకోండి మేడం."

ఆమె మూసుకుంది. తాడు గట్టిగా లాగినట్టయింది. యశోధర తూలబోయి మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి గుంజుకుంది.

"యాల నిలబడినారు?"

"నువ్వు లాగావు కదా!"

తాడు వదులైంది. మళ్లీ లాగుతాడని యశోధర బిగుసుకుని నిలబడింది. లాగలేదు. మాట లేదు, అడుగుల చప్పుడు లేదు. ఎండ నెత్తి మీద చురుక్కుమంటోంది. అతను ఎటు ఉన్నాడో తెలియక ఆమెకు బెదురు పుట్టింది. చాలాసేపటికి తాడు అవతలి కొసన మనిషి ఊపిరి మెల్లగా వినిపించింది. తనకు తెలియకుండానే యశోధర ఆ వైపు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. చేతికి ఓబులేసు భుజం తగిలింది.

కళ్లు తెరిచేసరికి అతను ముడి విప్పుతున్నాడు. విప్పి, తాడు ఆమె చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లిపోయాడు.

యశోధర దొడ్లోకి వెళ్లి నిలబడింది. తాడు వదులుగా చేతిలో ఉంచుకుంది. చుక్కి వైపు చూడలేదు, పిలవలేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. కాళ్లు లాగాయి. అప్పుడు మోచేతి కింద వెచ్చటి గాలి తగిలింది. చుక్కి తాడును వాసన చూస్తోంది.

యశోధర అరచెయ్యి దాని మెడ మీద ఆనించి ఊరుకుంది. సరిగ్గా ఆ క్షణాన ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. నాలుగేళ్లలో ఏ పశువును పట్టుకున్నా ఓబులేసు ముందు ఇలాగే మెడ మీద చెయ్యి వేసి నిలబడేవాడు. "త్వరగా కానీ ఓబులేసూ, అవతల ఇంకో పది పశువులున్నాయి" అని తను ప్రతిసారీ కసిరేది.

ఆమె మనసు చివుక్కుమంది. చుక్కి మెడ మీది చెయ్యి మాత్రం తీయలేదు.

నెల తిరిగేసరికి గిట్ట మానింది. చుక్కి యశోధర వెనకాలే వీధి చివరిదాకా వచ్చేది. ఇద్దరి మధ్య తాడు నేలను తాకేటంత వదులుగా వేలాడేది. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు నిండి పొర్లుతున్నా చూసుకోకుండా నిలబడిపోయారు.

యశోధర పొంగిపోయింది. "వచ్చేసింది ఓబులేసూ! ఇంక గుర్రమైనా తీసుకురా!"

ఓబులేసు ఆమెకు కాఫీ గ్లాసు అందించాడు. అప్పుడు ఆమె చూపు అతని ఎడమ చేతి మీద పడింది. ఉంగరం వేలు పక్కకు వంకరపోయి ఉంది.

"ఆ వేలికి ఏమైంది?"

"ఇదా? మీరు ఉన్నప్పుడే మేడం. నల్ల బర్రె ఒకటి వచ్చిండ్లా, ఈనేకి కష్టపడతా... మీరు సూది ఏసినారు. అది ఎగిరింది. ఏలు ఇనప కమ్మీలో పడింది."

"నువ్వు పట్టుకునే ఉన్నావు కదా?"

"పట్టుకున్నా మేడం." ఓబులేసు కాఫీ ఊదుకున్నాడు. "ఇంక కానీండి అని నేను అనలేదు."

యశోధర చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఇంక కానీండి మేడం. ఆ మాట అతని నోట వందసార్లు వినే ఉంటుంది. చాకిరీ చేసేవాడి ఊతపదం అనుకుంది. దానికోసం ఒక్కనాడూ ఆగలేదు. ఈ వేలి సంగతి నాలుగేళ్లు పక్కనే ఉండి అడగనైనా అడగలేదు. సిగ్గుతో ఆమె తల వాల్చుకుంది.

"నేను ఇంకా ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది.

"రేపట్నుంచి ఆస్పత్రికి పోయి నా జాగాలో నిలబడండి."

మరుసటి రోజు పొద్దున యశోధర తన పాత ఆసుపత్రికి వెళ్లి, పశువులను బిగించే ఇనప కమ్మీల పక్కన నిలబడింది. అక్కడి కొత్త డాక్టరు ఆమె కంటే ఆరేళ్లు చిన్న. పాపం, అతనికి చెమటలు పట్టాయి.

"మేడం, మీరు పట్టుకోవడమేంటి! నాకు బాగుండదు."

"పట్టుకుంటాను. మీరు మీ పని చూడండి."

రెండు రోజులకు అతనికి మొహమాటం తీరిపోయింది. అలవాటు చేతికి వచ్చేసింది. "పట్టుకోండి, పట్టుకోండి, త్వరగా!" అని సూది ఎత్తేవాడు.

"ఆగండి" అనేది యశోధర, ఆవు మెడ మీద చెయ్యి వేసి. ఆవు కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది. పక్క డొక్కలు బిగిసి ఉన్నాయి. "ఇంకా ఆగండి." అరచేతి కింద బిగువు నీళ్లలో ఉప్పులా కరగడం ఆమెకు తెలిసేది. తోక వాలేది. ఆవు బరువుగా ఊపిరి వదిలేది. అప్పుడు చెప్పేది. "ఇంక కానీండి డాక్టరుగారూ."

మొదటిసారి ఆ మాట తన నోట వచ్చినప్పుడు యశోధర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవు గలవాడు అది చూసి, డాక్టరమ్మకు తన ఆవు మీద ఎంత ప్రేమో అని ఊళ్లో చెప్పుకున్నాడు.

రెండున్నర నెలలు ఆమె ఆ జాగాలో నిలబడింది. బర్రెలు, గొర్రెలు, కరిచే కుక్కలు, ఎవరినీ దగ్గరికి రానివ్వని ఒంగోలు ఆంబోతు. రెండుసార్లు తన్నులు తిన్నది. ఓబులేసు ఒక్కరోజు కూడా వచ్చి చూడలేదు. వెళ్లే ముందు రోజు ఆమె చెప్పి వద్దామని పోతే, తను పేనిన తాడు ఒకటి చుట్టచుట్టి ఇచ్చాడు.

"ఇదెందుకు? అక్కడ వాళ్ల తాళ్లే ఇస్తారు."

"ఊరికే. ఉండనీండి."

పరీక్ష నాడు అదే కొట్టం, అదే చలి. మోకాళ్ల దాకా బూట్ల అమ్మాయి కూడా ఆమే. యశోధరను గుర్తుపట్టినట్టుంది, చేతులు వెనక్కి కట్టుకుంది. ఈసారి బూడిదరంగు ఆడగుర్రం. చెవులు వెనక్కి వాల్చి, మూలకు నక్కి, కళ్లు పెద్దవి చేసి చూస్తోంది.

"పదిహేను నిమిషాలు" అన్నాడు ఆమె పక్కనున్న రెండో పరీక్షకుడు.

యశోధర స్టెతస్కోపు జేబులో పెట్టుకుంది. వాళ్లిచ్చిన తాడు చేతిలోకి తీసుకుని, గుర్రానికి కనపడేలా ఎడమ భుజం వైపు కొంచెం ఎడంగా నిలబడింది. నిలబడి ఊరుకుంది.

ఒక నిమిషం గడిచింది. రెండు. పక్క గదిలో పరీక్షకు వచ్చిన ఇంకొకాయన అప్పుడే జ్వరం చూసి అంకె చెప్పేశాడు. బూట్ల అమ్మాయి గడియారం చూసుకుంది. ఏడేళ్లు ఈ పదిహేను నిమిషాల్లో ఉన్నాయి, అందులో మూడు అప్పుడే అయిపోయాయి. అయినా ఆమె చేతిలో తాడు బిగియలేదు.

నాలుగో నిమిషంలో గుర్రం మెడ చాచి తాడును వాసన చూసింది.

యశోధర దాని మెడ మీద అరచెయ్యి ఆనించింది. రాయిలా బిగిసి ఉంది. ఆగింది. ఇంకా ఆగింది. గుర్రం పెదవులు నాక్కుంది. తల కిందికి దిగింది. వెనక కాలు ఒకటి సడలింది.

పక్కన ఓబులేసు లేడు. కానీ ఆ మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది.

తలకు తాడు వేసింది. గుండె నిమిషానికి ముప్పై ఎనిమిది. జ్వరం లేదు. నాలుగు గిట్టలూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూపించింది. ముందుకాలికి కట్టు కట్టింది. ఆరుబయటికి నడిపించుకొస్తుండగా పక్క గదిలో బకెట్టు పడి భళ్లుమంది. గుర్రం అదిరి ముందరి కాళ్లు ఎత్తింది. పరీక్ష పెట్టేవాళ్లిద్దరూ ఒక్కసారి వెనక్కి జరిగారు.

యశోధర లాగలేదు. తాడు వదులు చేసింది. దాంతోపాటే ఒక చుట్టు తిరిగి, కాళ్లు నేలకు దిగగానే మెడ మీద చెయ్యి వేసింది. గుర్రం ఆమె భుజం మీద పెద్దగా ఊపిరి వదిలి, వెనకాలే నడిచింది. వాకిలి దాకా తాడు నేలను తాకుతూనే ఉంది.

ఇంకా ఒక నిమిషం మిగిలింది.

బూట్ల అమ్మాయి రాయడం ఆపేసి చూస్తోంది. "ఇది ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది. "ఏ కాలేజీలో?"

"మా ఊరి దగ్గర" అంది యశోధర. "ముప్పై నాలుగేళ్లు పనిచేసిన ఆయన దగ్గర."

మిగతా రెండు రోజులు ఆవులు, కుక్కలు, గొర్రెలు, శస్త్రచికిత్స. ఎక్కడా తడబడలేదు. మూడు వారాలకు ఫలితం వచ్చింది. అన్నిటిలోనూ పాస్. జంతువును పట్టుకునే పనిలో ఆ విడత అందరికంటే మొదటి స్థానం. పాడిపల్లె ఆసుపత్రి నుంచి, ఎప్పుడు వచ్చి చేరతారని అదే రోజు ఫోను వచ్చింది.

యశోధర ఇంట్లో ఎగిరి గంతేసింది. అమ్మను ఎత్తి తిప్పింది. తర్వాత ఇంకెవరికీ చెప్పకముందే ఓబులేసుకు ఫోను చేసింది.

"పాసయ్యాను! మొదటి స్థానం!"

"సంతోషం మేడం" అన్నాడు ఓబులేసు. వెనక చుక్కి ఓండ్రపెడుతోంది. "గుర్రం బెదర్లేదు గదా?"

తొమ్మిదేళ్లుగా యశోధర అతన్ని పేరు పెట్టే పిలిచింది.

"లేదు గురువుగారూ. మీరు చెప్పిందాకా ఆగాను."

అవతల అతని ఊపిరి మెల్లగా వినిపిస్తోంది. యశోధర ఫోను చెవికి ఆనించుకుని ఆగింది.

"ఇంక కానీండి మేడం" అన్నాడు ఓబులేసు.